మునిశామప్ప కుడిచెయ్యి

చింతామణిలో వెంకటరామప్ప సావుకారు నూనె మిల్లుకు రోజూ ఏడింటికల్లా మునిశామప్ప వచ్చేవాడు. భుజమ్మీద తువ్వాల, తువ్వాలలో అతని కుడిచెయ్యి. ఆరేండ్ల కిందట ఇంజను బెల్టు మోచేతి దాకా తెంపుకుపోయిన చెయ్యి అది. తెగిందే గానీ పని మానలేదు. అతను గేటు కాపలా కాస్తుంటే అది లోపల చేట ముందు చేరి, శెనక్కాయ విత్తనాల్లో రాళ్ళు ఏరేది. ఆడకూలీలు కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు. దానికి వేరే కూలి అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మునిశామప్ప కొడుకు బయ్యప్ప బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. తిరిగే బెల్టుకు కంచె లేకపోతే అది మనుషుల్ని తింటుందని మేష్టరు చెప్పిన రోజు అతనికి అన్నం సయించలేదు. ఎండాకాలం సెలవుల్లో వచ్చి, కమ్మరి చేత ఇనుప వల చేయించి, తానే బిగించాడు.

"బాగుండాదప్పా," అన్నాడు సావుకారు. ఖర్చు తనది కాదు కదా, బాగుండక ఏం చేస్తుంది?

దసరాకు మళ్ళీ వచ్చి చూస్తే వల గోడకు ఆనించి ఉంది. ఆయుధపూజకు దాన్ని విప్పి బెల్టు చక్రానికి పసుపుకుంకుమలు పెట్టారు. ఇవాళ విజయదశమి. ఇంజను అలాగే తిరుగుతోంది.

"వల యాల తీసినారు?" అన్నాడు బయ్యప్ప.

"పూజ చేసినంక మూడు దినాలు ముసుగెయ్యకూడదప్పా. అమ్మవారు గదా," అన్నాడు ఇంజను నడిపే చెన్నరాయప్ప.

"అట్లయితే ఇంజను ఆపండి."

"పండగపూట మొదలుపెట్టింది నడమ ఆపితే యాడాదంతా ఆగుతానే ఉంటాది. చదువుకున్నోడివి, నీకు చెప్పల్లా?" అన్నాడు సావుకారు.

బయ్యప్పకు ఒళ్ళు మండింది. తిరిగే యంత్రం జోలికి పోకూడదన్నది కాలేజీలో నేర్చిన మొదటి పాఠం. కోపంలో అదే మరిచాడు. వల ఎత్తి బిగించబోయాడు. చొక్కా చెయ్యి బెల్టుకు చిక్కింది.

చేట దగ్గరినుంచి తండ్రి చెయ్యి ఎగిరొచ్చింది. కొడుకు మణికట్టు పట్టి వెనక్కు గుంజింది. చొక్కా చిరిగి బయ్యప్ప వెల్లకిలా పడ్డాడు. బెల్టు ఆ చేతిని చక్రం కిందికి లాక్కుపోయింది. ఈసారి అది తిరిగి రాలేదు.

అప్పుడు ఆపారు ఇంజను. గేటు దగ్గరినుంచి మునిశామప్ప పరిగెత్తుకొచ్చాడు. బయ్యప్ప కాగితం తీసి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాస్తానన్నాడు.

"ఏమని రాస్తావప్పా?" సావుకారు గొంతులో కోపం కూడా లేదు. "ఈపొద్దు ఎవురికి దెబ్బ తగిలె? నీ చేతులు రెండూ ఉండాయి. మీ నాయన చెయ్యి పొయ్యి ఆరేండ్లాయ."

మిల్లులో అందరూ చూసినవాళ్ళే. ఆడకూలీలు ఖాళీ అయిన చోటులోకి జరిగి మళ్ళీ చేటలు అందుకున్నారు. చెన్నరాయప్ప చక్రం తుడిచి, మళ్ళీ కుంకుమ పెట్టి, ఇంజను నడిపించాడు. వల గోడ దగ్గరే ఉండిపోయింది. చేతిలోని తెల్లకాగితం మీద ఏం రాయాలో బయ్యప్పకు ఏ పాఠమూ చెప్పలేదు.

మునిశామప్ప ఎడమచేత్తో కొడుకును లేపాడు.

"కాలేజీకి పో నాయనా," అన్నాడు. "ఇంకోసారి నిన్ను గుంజేదానికి నాకు చెయ్యి లేదు."