భుజం మీద ఉండిపోయిన చెయ్యి

పొద్దున్నే షాపు తెరవగానే నెమ్మది చేసే మొదటి పని, అద్దాల బీరువాలో ఉన్న కళ్ళజోళ్ళన్నిటినీ మెత్తటి గుడ్డతో తుడవడం. ఇంకా ఎవరి ముక్కూ ఎక్కని జోళ్ళు అవి, అయినా రాత్రికి రాత్రే వాటి మీద దుమ్ము చేరిపోతుంది. ఆమెకు అసలు పేరు ఒకటి ఉంది. కానీ ఏ పనైనా తాపీగా చేస్తుందని చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన ముద్దుపేరే స్థిరపడిపోయింది. షాపు యజమానురాలైతే ఆ పేరుతో కూడా పిలిచేది కాదు. కావలసినప్పుడు బల్ల మీద వేలితో టకటకమని కొట్టేది, అంతే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, చుట్టాలు ఉన్నారో లేదో ఎవరికీ తెలియదు. ముక్కు మీద అంత కోపం పెట్టుకున్న మనిషికి అక్కడ కళ్ళజోడు పెట్టుకునే చోటెలా మిగిలిందా అని బేరానికి వచ్చినవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు.

డిగ్రీ అయిపోయింది కాబట్టి, పై చదువో పెద్ద ఉద్యోగమో చూసుకునేలోపు ఒక ఏడాది దేవుడి పనికి ఇస్తానని నెమ్మది చర్చిలో పేరిచ్చింది. వేరే దేశంలో ఒక వృద్ధాశ్రమం, జీతం లేని సేవ. ఆ సంగతి ఇంట్లో చెప్పిన సాయంత్రమే వదిన టేపు పట్టుకొచ్చి, హాల్లో కిటికీ పక్కన నెమ్మది మడతమంచం వేసుకునే మూలని కొలవడం మొదలుపెట్టింది.

"ఏమనుకోకు నెమ్మదీ, బీరువా ఇక్కడ సరిగ్గా పడుతుంది. పిల్లాడి బట్టలు ఎక్కడ సర్దాలో తెలీక చస్తున్నాను."

"ఆ కొస ఇటివ్వు వదినా, నేను పట్టుకుంటా," అంది నెమ్మది.

వదిన కడుపులో ఏమీ పెట్టుకునే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు, కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు. అన్నయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా, "జాగ్రత్తగా వెళ్ళిరా," అన్నాడు. ఎదురింటివాళ్ళూ, షాపు పక్కవాళ్ళూ, చర్చిలో పాటలు పాడేవాళ్ళూ అందరూ అదే మాట అంతే సులువుగా అన్నారు. ఒక్కరైనా "వెళ్ళకపోతే ఏం?" అని అడుగుతారేమోనని నెమ్మది చూసింది. ఎవరూ అడగలేదు.

అందుకే, చర్చి ఆఫీసులో ప్రయాణాలు చూసే ఆంటీ తిరుగు టికెట్టు ఎప్పటికి వెయ్యమంటావని అడిగినప్పుడు, "ఇప్పుడే వద్దాంటీ. ఇష్టమైనవాళ్ళని ఇంకో ఏడాది, ఆ పైన కూడా ఉంచుకుంటారటగా," అని చెప్పింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే వదిన రెండో బీరువా గురించి ఆలోచిస్తుందని భయం.

శిక్షణ మాత్రం శ్రద్ధగా నేర్చుకుంది. రిటైరైన నర్సమ్మ ఒకావిడ మంచం మీద పడుకుని, మనిషిని లేపకుండా కింద దుప్పటి ఎలా మార్చాలో చూపించేది. నెమ్మది ఎంత నింపాదిగా మార్చిందంటే, సగంలోనే నర్సమ్మ గుర్రుపెట్టి నిద్రపోయింది. లేచాక, "నువ్వు పనికొస్తావే," అంది కళ్ళు నులుముకుంటూ. చాలా రోజుల తర్వాత నెమ్మది విన్న మంచి మాట అది.

ప్రయాణం దగ్గరపడ్డాక ఒక ఆదివారం సాగనంపే ప్రార్థన పెట్టారు. నెమ్మదిని ముందుకు పిలిచి మోకాళ్ళ మీద ఉండమన్నారు. అందరూ చుట్టూ చేరి తల మీదా వీపు మీదా భుజాల మీదా చేతులు వేశారు. పాస్టరుగారు ప్రార్థన ముగించారు, అందరూ ఆమేన్ అన్నారు, చేతులన్నీ లేచిపోయాయి. ఒక చెయ్యి లేవలేదు. నెమ్మది నిలబడి వెనక్కి తిరిగి చూస్తే అక్కడ ఎవరూ లేరు, ఎడమ భుజం మీద చెయ్యి బరువు మాత్రం అలాగే ఉంది.

"అప్పుడప్పుడు ఎవరిదో ఒకరిది ఉండిపోతుందమ్మా," అన్నారు పాస్టరుగారు బైబిలు సంచిలో పెట్టుకుంటూ. "వేసినవాళ్ళు ఆమేన్ అనడం మర్చిపోయి ఉంటారు. ఎవరో కనుక్కుని అనిపించు, వాళ్ళ చెయ్యి వాళ్ళకి వచ్చేస్తుంది."

టైలరు ప్రయాణం బట్టలకి కొలతలు తీసుకుంటూ, ఎడమ భుజం దగ్గర కొంచెం వదులు పెడతానన్నాడు. వదిన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి తన చెయ్యి వేసి చూసింది. "నాది కాదులే, ఇది బొత్తిగా చిన్న చెయ్యి," అంది. నెమ్మది మనసులో కోరుకున్నది అన్నయ్యది కావాలని. అన్నయ్యకి చిన్న చేతులే. కానీ ఆయన తల గోక్కున్నాడు.

"నేను లోపల లేనే నెమ్మదీ. పిల్లాడు గొడవ చేస్తుంటే బయటికి తీసుకెళ్ళాను."

ఆ రాత్రి నెమ్మదికి ఏడుపొచ్చింది. ఎవరో ఒకరికి తనని వదలబుద్ధి కాలేదు. వాళ్ళెవరో తెలియకుండానే వెళ్ళిపోవాలేమో. ఏడుస్తూ ఎడమవైపు ఒత్తిగిలితే ఆ చెయ్యి నలిగిపోతుందని కుడివైపే పడుకుంది.

మర్నాడు షాపులో యజమానురాలి చేతిలోంచి మరలు జారిపోతున్నాయి. కళ్ళజోడు కాడకి బిగించే మర నువ్వుగింజంత ఉంటుంది. ఆవిడ చేతిలోంచి అది జారిపడటం నెమ్మది ఎప్పుడూ చూడలేదు. వంగి వెతికి ఇచ్చింది. మళ్ళీ పడింది. ఇంతలో టీ కుర్రాడు పొగలు కక్కే గ్లాసు తెచ్చిపెడితే, ఆవిడ దాన్ని అరచేత్తో పూర్తిగా చుట్టి పట్టుకుంది.

"కాలట్లేదా మేడం?"

"లేదు. ఆదివారం నుంచి ఈ కుడి చేతికి ఏమీ తెలియట్లేదు."

అప్పుడు గుర్తొచ్చింది నెమ్మదికి. పిలవకుండా ఎలాగని పిలిస్తే, ఆవిడ ఆ రోజు నిజంగానే చర్చికి వచ్చి చివరి వరుసలో కూర్చుంది. దేవుడితో పెద్దగా పరిచయం లేని మనిషి. నెమ్మది తన ఎడమ భుజం మీద అరచేతిని ఆనించింది. ఆవిడ ఉలిక్కిపడి తన చేతికేసి చూసుకుంది.

"ఎవరో ముట్టుకున్నట్టుంది," అంది.

"నేనే మేడం. మీరు ఆ రోజు ఆమేన్ అన్నారా?"

"అందరూ లేచి చెయ్యి వేస్తుంటే, నేనొక్కదాన్నే కూర్చుంటే బాగోదని వచ్చి వేశాను. చివర్లో అందరూ ఏదో అన్నారు. నేను అనలేదు."

"తెలీకనా?"

ఆవిడ జోడు తీసి, చీర కొంగుతో చాలాసేపు తుడిచింది. జోడు లేని ఆ కళ్ళు ఇంత చిన్నవని నెమ్మదికి తెలీదు.

"అనేస్తే అయిపోయినట్టేగా," అంది చివరికి. "అయిపోవడం నాకిష్టం లేకపోయింది."

బల్ల మీద వేలితో కొట్టి పిలిచే మనిషి, ఇన్నాళ్ళూ ఆ వేలితో ఏం చెప్పాలనుకుందో.

"ఇప్పుడు అనేయండి మేడం, చెయ్యి వచ్చేస్తుంది. లేకపోతే షాపు ఎలా నడుస్తుంది?"

"నువ్వు తిరిగొస్తున్నావా?"

నెమ్మది తల దించుకుంది.

"అడిగింది నిన్నే."

"వస్తే ఎక్కడికి రావాలి మేడం? నా మూలలో బీరువా వచ్చేసింది."

"ఇక్కడికి రా," అంది ఆవిడ, అదేదో షాపు తాళం గురించి చెప్పినంత విసుగ్గా. "పైన గది ఊరికే పడుంది. నువ్వొచ్చి నా ఎదురుగా నిలబడు, అప్పుడు అంటాను."

"అప్పటిదాకా ఈ పనులన్నీ?"

"ఎడమ చెయ్యి ఖాళీగానే ఉందిగా. దానికీ కాస్త పని నేర్పిస్తాను." అని, పడిపోయిన మరని ఎడమ చేత్తో తీయబోయి మూడుసార్లు జారవిడిచింది. నెమ్మది సాయానికి వంగితే, వద్దని కసిరింది.

మధ్యాహ్నం నెమ్మది చర్చి ఆఫీసుకి వెళ్ళింది, ఎప్పుడూ లేనంత గబగబా. ఆంటీ కంప్యూటరు ముందు అన్నం డబ్బా మూత పెడుతోంది.

"ఆంటీ, తిరుగు టికెట్టు కూడా వెయ్యండి."

"మొన్ననేగా వద్దన్నావు?"

"ఒకావిడ చెయ్యి నాతో వస్తోందాంటీ. తెచ్చి ఇచ్చెయ్యాలి."

"అయితే తప్పదు మరి," అంది ఆంటీ, కళ్ళజోడు సర్దుకుని. "ఏ రోజుకి రావాలో చెప్పు."

తిరిగి రమ్మని ఇవాళ్టిదాకా ఆమెను అడిగినవాళ్ళు లేరు. నెమ్మది ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, గోడ మీది క్యాలెండరు దింపమని అడిగింది.