ఒకరికి చదివి వినిపించాలి

కొత్త మందుల పరీక్షలకు అనుమతులిచ్చే ఆస్పత్రి కమిటీలో మాస్టారిది బయటి సభ్యుడి కుర్చీ. ముప్ఫై ఏళ్లు కాలేజీలో నీతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. అందరూ డాక్టర్లే అయితే ఎలాగని ఆయన్ని పిలిచారు. ఆయన పని ఒకటే. మందు వాడి చూడటానికి ఒప్పుకునే రోగులు సంతకం చేసే పత్రాన్ని, వైద్యం తెలియని ఒకరికి చదివి వినిపించాలి. విన్నదాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. వాళ్లు చెప్పగలిగితేనే ఆయన సంతకం.

భార్య ఉన్నన్నాళ్లూ ఆ ఒకరు ఆవిడే. కూర తరుగుతూ వినేది. "ఇదేంటండీ, ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది," అనేది. ఆయన ఎర్రసిరాతో దిద్దేవారు. ఆవిడ పోయాక మూడు పత్రాలొచ్చాయి. మూడింటినీ ఆయనే చదివి, ఆయనే విని, ఆయనే తలాడించి సంతకం పెట్టేశారు.

బుధవారం ఉదయం చొక్కా గుండీ ఊడితే, కింది వాటాలో కుట్టుపని చేసే ఆమె దగ్గరికి వెళ్లారు. సూదిలోకి దారం ఎక్కించడానికి ఆమె నాలుగుసార్లు చూసింది. దారం బెజ్జం పక్కనుంచే పోతోంది. వేళ్లు వణుకుతున్నాయి.

"ఒంట్లో బాలేదా అమ్మా?"

"బీపీకి ఆస్పత్రివాళ్లిచ్చిన కొత్త బిళ్ల బాబాయిగారూ. వేసుకున్నప్పట్నుంచి నా వేళ్లకి ఈ నాట్యం. అరవై స్కూలు యూనిఫాంలు ఒప్పుకున్నాను, కాజాలు కుట్టలేకపోతున్నా."

"వాళ్లకి చెప్పలేదా?"

"చెబితే ఆపేస్తారు. ఆపేస్తే నా మామూలు మందులు కూడా ఇవ్వరు కదా."

"అలా అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు." మిషను సొరుగులోంచి తను సంతకం చేసిన పత్రం తీసింది. "ఎప్పుడైనా మానేయొచ్చని రాశారు. మానేశాక నన్ను చూస్తారని రాయలేదుగా."

మాస్టారు అద్దాలు సరిచేసుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఆయన ఒక్కరే చదువుకుని సంతకం పెట్టేసిన మూడింట్లో ఇదొకటి. నిజమే, ఎక్కడా లేదు. మామూలు వైద్యం ఆగదన్న సంగతి ఆయనకు ముందే తెలుసు కనుక, సంతకం పెట్టేటప్పుడు అది లేని లోటు కనపడలేదు. రాయని చోటంతా ఆమె భయంతో నింపుకుంది.

"వైద్యం ఆపరమ్మా. ఈ కాగితాన్ని సరేనన్నవాళ్లలో నేనూ ఉన్నాను."

"మీరు చదువుకున్నవాళ్లు, మీకు అర్థమై ఉంటుంది," అందామె. ఎత్తిపొడుపేమీ లేదు. అదే ఆయన్ని ఎక్కువ కోసింది. "కానీ ఆస్పత్రి కాగితం మీద లేకుండా మీ మాటతో ఎలా ఆపేయను బాబాయిగారూ?"

పదకొండింటికి కమిటీ ఉంది. అదే పత్రంతో అదే మందుకి ఇంకో అరవై మందిని చేర్చుకోవాలి. మాస్టారు బస్సెక్కారు. పత్రంలో ఒక వాక్యం కలపమంటే చాలదా? కలుపుతారు. ఎవరూ ఏమీ అడగరు. కానీ మిగతా రెండు పత్రాల్లో ఏం జారిపోయిందో? వాటి మీద సంతకాలు చేసినవాళ్ల వేళ్లో, కళ్లో ఇప్పుడెలా ఉన్నాయో? అది తెలియాలంటే తన అబద్ధం బయటపడాలి. ఒక స్టాపు ముందే దిగిపోయి, ఇంటివైపు నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగారు.

కమిటీ గదిలో ఆయన ముఖం చూసిన అటెండరు గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

"పాత పత్రమే, మార్పుల్లేవు," అంది అధ్యక్షురాలైన డాక్టరమ్మ. "మాస్టారు ఇదివరకే చదివి వినిపించారు కదా."

"మాస్టారి చేతిలో పడ్డాక కామాకి కూడా ధర్మసందేహమే," అన్నాడు సర్జను. అందరూ నవ్వారు.

"నేనెవరికీ చదివి వినిపించలేదు," అన్నారు మాస్టారు. "మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ, మూడు పత్రాలూ."

డాక్టరమ్మ కలం మూత పెట్టింది.

"ఆ మూడింటి మీదా సంతకాలు చేసినవాళ్లు నూట పన్నెండు మంది మాస్టారూ. అందర్నీ పిలిపించాలి. కొత్తవాళ్లను చేర్చుకోవడం ఇవాళ్టితో ఆపాలి."

"పిలిపించండి."

"ఈ కుర్చీలో మీరిక కూర్చోలేరు."

"తెలుసమ్మా. లేచే ముందు ఒక్కటి అడుగుతాను. ఈ మందుతో వేళ్లు వణుకుతున్న మా కింది వాటా ఆమెకి, మానేసినా వైద్యం ఆగదని ఆస్పత్రి కాగితం మీద ఒక ఉత్తరం కావాలి. ఇప్పుడే."

డాక్టరమ్మ మళ్లీ కలం మూత తీసింది. ఉత్తరం స్వయంగా రాసి, ముద్ర వేయించి, గుమ్మందాకా వచ్చి చేతికిచ్చింది.

మాస్టారు తిరిగొచ్చి మిషను పక్క స్టూలు మీద కూర్చుని ఉత్తరం చదివారు. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా."

"బిళ్ల ఆపినా నా వైద్యం ఆపరు. నా అంతట నేను ఆపకూడదు, సాయంత్రంలోగా వెళ్లి డాక్టరుకి చేతులు చూపించాలి." ఆమె ఉత్తరాన్ని వేలితో తట్టింది. "వణుకు తగ్గుతుందని మాత్రం రాయలేదు."

"రాయలేదమ్మా."

"ఎందుకని?"

"వాళ్లకీ తెలియదు."

ఆమె తన వేళ్ల వంక చూసుకుంది. మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుంది.

"మీరూ రండి బాబాయిగారూ," అంది. "అక్కడ వాళ్లేం చెప్పినా, నాకు ఇంకోసారి చెబుదురుగాని."