రాగి దండెం

పురిటికి పుట్టింటికి వెళ్లిన రాజమణి, మూడో నెల పాపనెత్తుకుని లాల్‌దర్వాజాకు తిరిగొచ్చేసరికి డాబా మీద ఒక రాగి తీగ కనిపించింది. తమ డాబా గుంజ నుంచి గల్లీ దాటి ఎదురింటి బాబూమియా డాబా దాకా నిగనిగలాడుతూ సాగి ఉంది. బట్టలారేసుకోవడానికి దండెం కట్టమని పెళ్లయినప్పటి నుంచి మొగుణ్ణి పోరుతూనే ఉంది ఆమె. తాడు కడితే చాలనుకుంది గానీ, రామలింగం ఏకంగా రాగితో కట్టిస్తాడని కలగనలేదు. ఆలస్యమైతేనేం, మనిషికి ప్రేమ ఉందని మురిసిపోయింది.

ఆ వారమే ముసురు పట్టింది. పాపకు జలుబు చేసి ముక్కు గురగురమంటోంది. తడిగుడ్డ తగిలితే రొమ్ము పట్టేస్తుందేమోనని రాజమణి భయం. కుంపట్లో బొగ్గులు నాని పొగే తప్ప సెగ లేదు. పాపకు చుట్టిందే ఆఖరి పొడిగుడ్డ. మధ్యాహ్నం చినుకాగి ఇంత ఎండ మెరవగానే, ఉరుకులు పరుగుల మీద డాబా ఎక్కి, ఉన్న గుడ్డలన్నీ రాగి దండెం మీద ఆరేసింది.

సాయంత్రం ఎదురింట్లో సందడి మొదలైంది. గాజుల దుకాణం బాబూమియా కొత్తగా రేడియో కొన్నాడు. బర్లిన్‌లో ప్రపంచమంతా కూడి ఆటలాడుతోందనీ, ఇవాళ మన హాకీ జట్టుకూ జర్మనీకీ ఆఖరి పోటీ అనీ చెప్పి, వార్తలు వినడానికి గల్లీ మొత్తాన్ని పిలిచాడు. తీరా మీట తిప్పితే ఆ పెట్టె పల్లీలు వేయించినట్టు చిటపటమంది తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు.

"ఏం భాయ్, బర్లిన్ల గూడ ముసురేనా?" అన్నారెవరో.

బాబూమియా పరువు కోసం డాబా మీదికి ఉరికాడు. మరుక్షణం ఆయన కేక గల్లీ అంతా వినబడింది.

"అరె రామలింగం! నా రేడియో తీగ మీద నీ బిడ్డ గుడ్డలేంది భాయ్!"

తడిగుడ్డల బరువుకు తీగ వేలాడి కిందున్న ఇంటి కప్పు తడి రేకులకు తగులుకుంది మరి, ఇక రేడియోకు మాట అందేదెలా!

రాజమణి మొగుడి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "ఇది నువ్వు కట్టిన దండెం గాదా?"

రామలింగం తల గోక్కున్నాడు. "మియా అడిగితే కట్టుకోమన్న. నీకు చెప్పుడు మరిచిన."

బాబూమియా గుడ్డలన్నీ మూటగట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "వార్తలయ్యేదాక జర ఆగు బేటీ."

"నేనాగుత భాయ్, పిల్ల ఆగుతదా? ఇప్పుడే తడిపింది. ఇంట్ల ఒక్క పొడిగుడ్డ లేదు," అంది రాజమణి.

బాబూమియా భార్య కుల్సుమ్ వచ్చి ఆ మూట అందుకుంది. "ఫికర్ జెయ్యకు రాజమణీ. మా పిల్లి పొద్దంత యాడ పంటదో ఎర్కేనా? గా రేడియో డబ్బా మీదనే! లోపల దీపాల బుగ్గలు మండుతుంటే పైన కుంపటి లెక్క ఎచ్చగుంటది."

పిల్లిని దించి, గుడ్డలను గట్టిగా పిండి రేడియో మీద పరిచింది. బాబూమియా నెత్తి పట్టుకున్నాడు.

"బర్లిన్ మీద పొత్తిగుడ్డలా!"

"ఉతికినవే గదా. నువ్వు ఇను," అంది కుల్సుమ్.

మొదటి గుడ్డ ఆరింది. రాజమణి దాన్ని చెంపకు ఆనించి చూసి, పాపకు చుట్టి భుజాన వేసుకుంది. సరిగ్గా అప్పుడే గుడ్డల కింది నుంచి వార్త వచ్చింది. జర్మనీకి ఒక్కటే, మనవాళ్లకు ఎనిమిది.

"ఎనిమిది గోల్!" అంటూ బాబూమియా ఎగిరి గంతేశాడు. గల్లీకి గల్లీ అరిచింది.

"ఎనిమిది గోలలా? మా ఇంట్ల ఒక్క గోలకే నా పానం పోతుంది," అని రాజమణి పాప చెవి మూసింది. పాప మాత్రం ఉలిక్కిపడలేదు. వెచ్చటి గుడ్డలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"మల్ల గిసొంటి ఆటలెప్పుడు భాయ్?" అంది రాజమణి, రెండో గుడ్డ తిరగేస్తూ.

"నాలుగేండ్లకు బేటీ."

ఆమె రామలింగం వంక చూసింది.

"మంచిగైంది. గప్పటికన్న మా ఆయన తాడు కడ్తడు."