వేశారా... వేశానా...

తెల్లారేసరికి ఐదు కోళ్ళలో మూడు చచ్చి పడి ఉన్నాయి. ఒకటి గూటి కప్పు మీదెక్కి మెడ చాచి అరుస్తోంది. ఐదోది కనబడడం లేదు.

ఫోర్‌మన్ చెప్పులు లేకుండానే పెరట్లోకి పరిగెత్తాడు. అతని కళ్ళు మొదట వెతికింది కోళ్ళను కాదు, గూటి తలుపును. అది బార్లా తెరిచి ఉంది. గడి వంగలేదు, విరగలేదు. వెనక్కి లాగి ఉందంతే.

గూడు కట్టింది అతనే. ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా ఫోర్‌మన్. చుట్టాలు కూడా అతన్ని అలాగే పిలుస్తారు. చిటికెన వేలు దూరని ఇనుప జాలి వేశాడు. కింద తవ్వుకుని ఏదీ లోపలికి రాకుండా ఆ జాలిని జానెడు లోతున పాతి, చివర బయటికి వంచాడు. గడికి మెలి పెట్టాడు. ముందుకి తోసి కిందికి తిప్పితే తప్ప పడదు, పైకి ఎత్తి లాగితే తప్ప రాదు. పిల్లి పంజాకి అది లొంగదు. మనిషి చెయ్యే కావాలి.

అంటే ఆ రాత్రి గడి ఊడిపోలేదు. అసలు పడలేదు.

ఆ సంగతి లోకంలో ఒక్కడికే తెలుసు.

ముందురోజు సాయంత్రం వెలుతురు తగ్గుతుంటే కోళ్ళు వాటంతటవే గూట్లోకెళ్ళి కర్రెక్కాయి. అతను గుప్పెడు గింజలు లోపల చల్లి, తలుపు దగ్గరికి వేసి, గడి మీద చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది.

"వేశారా అల్లుడుగారూ?" వంటింటి కిటికీలోంచి అత్తగారి గొంతు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ సాయంత్రం పని అతనికి అప్పగించి ఏడాదైంది. అప్పట్నుంచీ ఏ రోజూ ఆ ప్రశ్న తప్పలేదు.

"వేశాను అత్తయ్యా!" అన్నాడు, ఫోను చెవికి ఆనించుకుంటూ.

షెడ్డులో ఆయిలు కారిపోతోందని కబురు. అవతలి మాట సరిగ్గా వినబడక గేటు దాకా నడిచాడు. అట్నుంచి అటే స్కూటరెక్కాడు. పొద్దుపోయి వచ్చి, వీధి గుమ్మంలోంచి లోపలికెళ్ళి పడుకున్నాడు.

వేశాడు నిజమే, గింజలు. కానీ ఆవిడ అడిగింది గింజల గురించి కాదని అతనికి బాగా తెలుసు. గింజలు వేశారో లేదో కోళ్ళ గోలే చెబుతుంది, దానికి ఒకర్ని అడగక్కర్లేదు. ఒక్క క్షణంలో వేయబోయేదాన్ని వేసేశానన్నాడు. ఆ క్షణం మళ్ళీ రాలేదు.

చిత్రమేమిటంటే, షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో అతను స్వయంగా రాయించిన మాటలున్నాయి. 'సగం మాట వద్దు. ఏది వేశావో చెప్పు.' ఒకసారి ఒక ఫిట్టరు "వేశావా?" అంటే ఇంకొకడు "వేశా" అన్నాడు. ఒకడు అడిగింది కరెంటు ఆపాక స్విచ్చికి వేసే తాళం గురించి, రెండోవాడు చెప్పింది స్విచ్చి వేయడం గురించి. ఫిట్టరు చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆనాటి నుంచీ ఎవడైనా ఉత్తినే "వేశాను సార్" అంటే ఫోర్‌మన్ వదలడు. "ఏది వేశావురా? స్విచ్చా, తాళమా, కునుకా?"

అత్తగారు చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి గూటి ముందు ఆగింది. ఏడవలేదు. ఒంగి, చనిపోయిన బుట్టమ్మ రెక్క సర్దింది. పొదిగే రోజుల్లో బుట్టలోంచి లేవనని మొండికేసేది కాబట్టి దానికాపేరు.

కూతురు, అంటే ఫోర్‌మన్ భార్య, గూటి పక్కన చెక్క మీద ఉన్న చిన్న సీసా తీసింది.

"అమ్మా, ఈ నూనె సీసా ఇక్కడుందేమిటి?"

బుట్టమ్మ కాళ్ళకి పురుగు పట్టి పొలుసులు లేచాయి. నూనె రాస్తే పురుగుకి ఊపిరాడక చస్తుంది. పగలు కోడి కాలు ఎవరికిస్తుంది? గూట్లో కర్రెక్కి మత్తుగా ఉన్నప్పుడే రాయాలి. అందుకని రోజు విడిచి రోజు అత్తగారు చీకటి పడ్డాక ఒకసారి వచ్చిపోతుంది.

"నిన్న రాశావా?"

"మొన్న రాశానే. నిన్న కాదనుకుంటాను."

"అనుకుంటావా?" కూతురు గొంతు తగ్గింది. "పోయిన నెల పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లో కూర్చున్నావు. గిన్నె మాడి పొగొచ్చేదాకా నీకు తెలీలేదు."

ఆవిడ సీసా వంక చూసింది. తలుపు వంక చూసింది. "అయితే వచ్చే ఉంటాను. వచ్చి, తీసి... మరిచిపోయే ఉంటాను."

ఫోర్‌మన్ సీసా మీంచి చూపు తిప్పుకున్నాడు. ఆ సీసా సాయంత్రానికే అక్కడుంది. గింజలు చల్లుతుంటే మోచెయ్యి తగిలి పడబోతే తనే నిలబెట్టాడు.

భార్య అతని వైపు తిరిగింది. "మీరు గడి వేశారు కదండీ?"

ఈసారి సగం మాట కాదు. భార్య పూర్తిగా అడిగింది. గడి అని పేరు పెట్టి అడిగింది.

"వేశాను," అన్నాడు.

ఐదోది కట్టెల వెనక దొరికింది. పేరు గొంతెమ్మ. గుడ్డు పెడితే వీధి చివరిదాకా చాటింపు వేసేది. ఇప్పుడు వీపు చీరుకుపోయి, గొంతు లేకుండా ముడుచుకుని ఉంది.

పశువుల డాక్టరు వచ్చి నాలుగు కుట్లు వేశాడు. "బావురుపిల్లి పని. ఉప్పునీళ్ళతో రోజూ కడగండి. రెండోదాన్ని దగ్గరికి రానివ్వకండి, నెత్తురు కనబడితే సొంత చెల్లెలైనా పొడుస్తుంది," అని గూడు చుట్టూ తిరిగి చూశాడు. "భలే కట్టారు సార్! కోటలా ఉంది. అయినా తలుపు తీసి భోజనానికి రమ్మంటే పిల్లి మాత్రం ఎందుకు మొహమాటపడుతుంది?"

ఫోర్‌మన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అతను తేలు కుట్టిన దొంగ. అరవడానికి లేదు, ఊదుకోవడానికీ లేదు.

చెబుదాం అనుకున్నాడు, మధ్యాహ్నం చెబుదాం అని. మధ్యాహ్నం అత్తగారు గొంతెమ్మకి పాత తువాలు పరిచి, నోటికి గింజలు అందిస్తోంది. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపటికి అబద్ధం వయసు ఒక రోజు పెరిగింది. మూడో రోజుకి అది ఇంట్లో మనిషైపోయింది.

నాలుగో రోజు అత్తగారు సుద్దముక్క తెచ్చింది. గూటి తలుపు మీద గీత గీస్తోంది.

"ఏమిటత్తయ్యా అది?"

"తలుపు ముట్టుకున్నప్పుడల్లా ఒక గీత. నా బుర్రని నమ్మేది లేదు కదా, చెక్కకైనా గుర్తుంటుంది."

ఐదో రోజు కూరలో ఉప్పు వేశానా అని మూడుసార్లు అడిగింది. ఆరో రోజు కూర వండడమే మానేసింది. "వేశారా?" అని కిటికీలోంచి వినబడే మాట పోయింది. దాని బదులు ఇల్లంతా ఇంకో మాట తిరుగుతోంది. "నేను తలుపు వేశానా? పొయ్యి ఆపానా? మందు వేసుకున్నానా?" మాటలో మారింది చిన్న ముక్కే. కానీ అది విన్నప్పుడల్లా ఫోర్‌మన్ అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయేది.

షెడ్డులో ఒక ఫిట్టరు ఎప్పటిలా వచ్చి నిటారుగా నిలబడ్డాడు. "మెయిన్ స్విచ్చి తీశాను సార్. తాళం నేనే వేశాను సార్. తాళంచెవి నా జేబులోనే ఉంది సార్. కునుకు మాత్రం వేయలేదు సార్!"

అందరూ నవ్వారు. ఫోర్‌మన్ గోడ మీది ఎర్ర అక్షరాల వంక చూడకుండా బయటికెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజు భార్య రెండు నిర్ణయాలు చెప్పింది. మిగిలిన రెండు కోళ్ళనీ ఆదివారం తన స్నేహితురాలి తోటకి పంపేస్తుంది. రేపు అమ్మని జ్ఞాపకశక్తి చూసే డాక్టరుకి చూపిస్తుంది.

"అదేమిటే, గొంతెమ్మకి ఇంకా కుట్లు..." అని అత్తగారు సగంలో ఆపేసింది. "సరేలే. నా దగ్గరుంటే అవీ పోతాయి."

డాక్టరు గది చిన్నది. మూడు కుర్చీలు, ఒక గడియారం. డాక్టరమ్మ ఈ రోజేమిటని అడిగింది, వందలోంచి ఏడేసి తీసేయమంది, చెప్పిన మూడు మాటలు తిరిగి చెప్పమంది. అత్తగారు అన్నీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కూతురి మొహంలోకి చూసింది, కరెక్టేనా అన్నట్టు.

"ఈ మధ్య మరిచిపోవడం వల్ల నష్టం ఏమైనా జరిగిందా?" డాక్టరమ్మ కలం తీసింది.

కూతురు నోరు విప్పేలోపే అత్తగారు అందుకుంది. "జరిగిందమ్మా. ఒకసారి పాలు మాడ్చాను. ఇంకోసారి... గూటి గడి తీసి వేయడం మరిచిపోయాను. మా అల్లుడు వేసి వచ్చిన గడే. నేనే వెళ్ళి తీశాను. మూడు కోళ్ళు పోయాయి."

కలం కాగితం మీద కదులుతోంది. ఆ గీరుడు ఫోర్‌మన్‌కి గూటి తలుపు మీద సుద్దముక్కలా వినబడింది. తను చేసిన తప్పు ఆవిడ నోటితో, ఆవిడ పేరుతో, డాక్టరు కాగితంలోకి ఎక్కుతోంది. రేపు ఇంకో డాక్టరు అది చదువుతాడు. దానికో మందు రాస్తాడు.

"గడి నేను వేయలేదు," అన్నాడు.

కలం ఆగింది.

"ఆ సాయంత్రం గూటి తలుపుకి గడి నేను వేయలేదు. వేశానని అబద్ధం చెప్పాను. తెల్లారి అడిగితే మళ్ళీ చెప్పాను. నూనె సీసా సాయంత్రం నుంచీ అక్కడే ఉంది, నేను చూశాను. ఆవిడ ఆ తలుపు దగ్గరికే రాలేదు."

భార్య అతన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది. "అయితే ఈ లైను కొట్టేయమంటారా?"

"కొట్టేయండమ్మా," అంది అత్తగారు. గొంతు గట్టిగానే ఉంది. "పాలది ఉంచండి. అది నాదే."

తిరుగు ప్రయాణంలో ఆటోలో భార్య బయటికే చూస్తూ కూర్చుంది. ఆదివారం కోళ్ళ కోసం ఎవరూ రానక్కర్లేదని స్నేహితురాలికి ఫోన్లో ముక్తసరిగా చెప్పి పెట్టేసింది.

"అత్తయ్యా, నన్ను..." అన్నాడు ఫోర్‌మన్.

"నూనె మొన్ననే రాశానన్నాను కదా నేను?"

"అన్నారు."

"నాకు గుర్తుందండీ. శుభ్రంగా గుర్తుంది. గుర్తున్నదాన్ని కూడా లేదని ఒప్పుకున్నాను." కర్ర రెండు చేతులా పట్టుకుంది. "కోళ్ళంటే పిల్లి తింది. మరి ఈ తొమ్మిది రోజులూ?"



సాయంత్రం గూట్లో రెండో కోడి, పోలీసు, కర్రెక్కింది. ఛాతీ విరుచుకుని నడిచే కోడి అది, ఆ రాత్రి కప్పెక్కి బతికింది. మధ్యలో అడ్డంగా కట్టిన జాలికి ఇవతలి అరలో గొంతెమ్మ తువాలు మీద సర్దుకుంది. ఫోర్‌మన్ గింజలు చల్లాడు. తలుపు మూశాడు. గడి ముందుకి తోసి కిందికి తిప్పాడు. ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

కిటికీ వైపు చూశాడు. లోపల దీపం ఉంది, మనిషి ఉంది, ప్రశ్న లేదు.

"అత్తయ్యా! గూటి తలుపుకి గడి నేను వేశాను. మెలి కూడా తిప్పాను," అని గట్టిగా చెప్పాడు.

కాసేపటికి కర్ర చప్పుడు వచ్చింది. అత్తగారు మెట్టు మెట్టుకీ ఆగుతూ పెరట్లోకి దిగింది. అతను చెయ్యి అందించబోతే చూడనట్టే దాటిపోయింది. గడి పైకెత్తి లాగింది. తలుపు తెరిచి లోపలికి ఒంగింది. ఒకటి, రెండు. తలుపు మూసి గడి తోసింది, తిప్పింది, ఒకసారి గుంజి చూసింది. తలుపు మీది సుద్దగీతలన్నీ చీరచెంగుతో తుడిచేసింది.

"వేశానే," అంది గొంతెమ్మతో. "గడి వేశాను."

లోపలికి వెళ్ళిపోయింది. అతన్ని మాత్రం ఏమీ అడగలేదు.