అరవొద్దన్న రోజు

జూన్ నెలాఖరున పార్కు నుంచి ఉత్తరం వచ్చేసరికి తకమిచి పోయి రెండున్నర నెలలయింది. కవరు మీద అతని పేరు లేదు. "కువహారా గారి కుటుంబానికి" అని మాత్రం ఉంది. అతని భార్య సవాకో దాన్ని విప్పి చదివి, మళ్లీ మడిచి, ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బిళ్లతో అతికించింది. ఆ రెండున్నర నెలల్లో ఇంటికొచ్చిన కాగితాలన్నిటినీ ఆమె ఇలాగే చేసింది. చదవడం, మడవడం, ఎక్కడో ఒకచోట పెట్టడం.

మర్నాడు అత్తగారు తోమియే బార్లీ టీ సీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి వచ్చి దాన్ని చూసింది.

"ఏమిటిది?"

"పార్కు వాళ్లు పంపారత్తయ్యా. జూలైలో మళ్లీ తెరుస్తారట. జనాన్ని రానిచ్చే ముందు ఒకరోజు పనివాళ్ల ఇళ్లవాళ్లని రమ్మంటున్నారు. ఇద్దరికి."

"మనమింకా పనివాళ్ల ఇంటివాళ్లమేనా?"

"పంపారుగా మరి."

తోమియే కళ్లద్దాలు తెచ్చుకుని ఉత్తరం రెండుసార్లు చదివింది. "వెళ్దాం" అంది.

సవాకో సరేనంది. ఎవరేమన్నా సరేననడం కూడా ఈ మధ్య అలవాటైంది.

షియోమినే పార్కు వాళ్ల ఇంటినుంచి రైల్లో గంట దూరం. సముద్రం ఒడ్డున, దేశంలో అందరికీ తెలిసిన పార్కు. తకమిచి అక్కడ పదహారేళ్లు మెకానిక్కుగా చేశాడు. హయతే అనే పెద్ద రోలర్ కోస్టర్ పట్టాలూ చక్రాలూ చూసుకోవడం అతని పని. తెల్లవారకముందే వెళ్లి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. సవాకోకి ఎత్తులంటే భయం కాబట్టి ఎప్పుడూ ఎక్కలేదు. తోమియే ఆ పార్కు గేటు కూడా దాటలేదు. జనం ఆడుకునే చోట కొడుకు ఉద్యోగం చేస్తాడని చెప్పుకోవడం ఆవిడకి నామోషీ. వీధిలో వాళ్లకి "మావాడు రైల్వేలో మెకానిక్కు" అని చెప్పేది. తకమిచి నవ్వేవాడు. "పట్టాలే కదా, అబద్ధమేం కాదులే" అనేవాడు.

ఏప్రిల్ మొదట్లో అతనికి కరోనా జ్వరం వచ్చింది. నాలుగోరోజుకి ఊపిరి అందక అంబులెన్స్ పిలిచారు. మెట్లు తనే దిగాడు. చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కున్నాడని సవాకో చెప్పబోతుంటే అంబులెన్స్ తలుపు మూసేశారు. ఆ తర్వాత తొమ్మిదిరోజులు ఆస్పత్రి నుంచి ఫోన్లే. అత్తాకోడళ్లని ఇల్లు కదలొద్దన్నారు కాబట్టి దహనానికి కూడా వెళ్లలేదు. మాస్కులు, చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు మనుషులు అస్థికల పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి, వంగి నమస్కరించి వెళ్లిపోయారు. సవాకో సంతకం పెట్టింది. పెట్టె తీసుకుంది. ఏడవలేదు. అప్పుడే కాదు, తర్వాతా ఏడవలేదు. ఇంట్లోవాళ్లు ఒకే నీళ్లలో ఒకరి తర్వాత ఒకరు దిగే స్నానం తొట్టిలో, ఒకరోజు ఆమె తర్వాత దిగబోయిన తోమియే కెవ్వుమంది. నీళ్లు కాగిపోతున్నాయి. అందులో సవాకో అరగంట కూర్చుని వచ్చింది. ఒళ్లంతా ఎర్రబడింది గానీ ఆమెకి ఏమీ తెలియలేదు.

ఆ రోజు పార్కు గేటు దగ్గర తెల్ల గుడారం వేసి ఉంది. ఒక అమ్మాయి చెయ్యి చాచి నుదుటికి జ్వరం చూసే యంత్రం గురిపెట్టింది. నేలమీద పసుపు పాదాల గుర్తులు అంటించారు. ఒక్కో జతకీ మధ్య రెండు బారల దూరం. అందరూ ఆ గుర్తుల మీదే నిలబడి, ముందువాళ్లు కదిలితే కదులుతున్నారు. పిల్లలు కూడా పరిగెత్తడం లేదు. స్పీకర్లలో పాట వస్తోంది. దానికంటే గాలికి జెండాతాళ్లు స్తంభాలకి కొట్టుకునే చప్పుడే పెద్దగా వినిపిస్తోంది.

పూలచెట్ల వెనక నుంచి పార్కువారి తాబేలు బొమ్మ వేషం చెయ్యి ఊపింది. మధ్యలో తాడు కట్టారు.

"దానికి మాస్కు లేదేం?" అంది తోమియే.

"లోపలి మనిషి వేసుకునే ఉంటాడత్తయ్యా."

"ఈ ఎండలో ఆ తోలులో, పైన మాస్కు కూడానా. ఏ తల్లి కన్న బిడ్డో."

తోమియే దానికి చెయ్యి ఊపింది. తాబేలు ఆవిడ వైపే తిరిగి చాలాసేపు ఊపింది. ఊపడానికి దానికి వేరే ఎవరూ లేరు.

హయతే దగ్గర నెగిషి అనే మెకానిక్కు వాళ్లకోసం కాచుకుని ఉన్నాడు. తకమిచి కింద ఏడేళ్లు పని చేసినవాడు. నీలం పని బట్టల్లో, మాస్కులో, దూరంగానే ఆగి నడుము దాకా వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు.

"ఇక లేవయ్యా, నడుం పట్టేస్తుంది" అంది తోమియే.

"అంత్యక్రియలకి రాలేకపోయాను. క్షమించండమ్మా."

"మేమే వెళ్లలేదు. నిన్నేమనాలి?"

నెగిషి చేతిలో టోపీ తిప్పాడు. "ఎక్కుతారా?" అని అడిగాడు.

మెట్ల దగ్గర రెండు బోర్డులున్నాయి. ఒకటి పాతది: డెబ్బై ఏళ్లు దాటినవారు ఎక్కరాదు. రెండోది కొత్తది: దయచేసి మాస్కు తీయకండి, కేకలు వేయకండి.

"నాకింకా నాలుగేళ్లు టైముంది" అంది తోమియే మొదటిది చదివి. రెండోది చదివి, "అరవకపోతే ఎక్కడం దేనికి?" అంది.

"నోటి తుంపర్లు పడతాయనమ్మా" అన్నాడు నెగిషి. తర్వాత సవాకో వైపు తిరిగాడు. "వదినా, మీకొక మాట చెప్పనా. పొద్దున్నే జనం రాకముందు ఖాళీ పెట్టెల్ని మూడుసార్లు తిప్పుతాం. తర్వాత మాలో ఒకడు ఎక్కి చూడాలి. మామూలుగా వంతులవారీగా ఎక్కుతారు. ఇక్కడ మాత్రం ఎప్పుడూ తకమిచి అన్నయ్యే. చివరి వరస, కుడిపక్క. ఎక్కినవాడు ఎక్కినట్టే కళ్లు మూసుకునేవాడు."

"నిద్రా?" అంది తోమియే.

"అదే నేనూ అడిగానమ్మా, మొదట్లో. 'కళ్లు తెరిచుంటే సరిగ్గా వినపడదురా' అన్నాడు. దిగి, 'మూడో మలుపులో ఎడమ చక్రం గొణుగుతోంది, చూడు' అనేవాడు. చూస్తే అక్కడేదో ఉండేది. జనం ఎక్కాక మరేం వినపడదు, గోల గోలగా అరుస్తారు. ఇవాళ మాత్రం వినపడుతుంది. అందుకే ఎక్కుతారా అన్నాను."

తకమిచి ఇంట్లో కూడా కళ్లు మూసుకునేవాడు. రాత్రి భోజనాల దగ్గర సవాకో తను పని చేసే మందుల షాపు సంగతులు చెబుతుంటే కళ్లు మూసుకుని కూర్చునేవాడు. తెల్లవారుజామున లేచే మనిషి కదా, కునుకు పట్టిందనుకుని ఆమె మధ్యలోనే ఆపేసేది. ఒకసారి కోపం వచ్చి, "గోడకి చెప్పుకోవడం నయం" అని కంచం తీసుకుని లేచిపోయింది కూడా. అతను కళ్లు తెరిచి, "తర్వాతేమైంది?" అన్నాడు. ఆమె చెప్పలేదు.

నెగిషి మాట సవాకోలోకి దిగింది. దిగింది గానీ అడుగున తగిలిన చప్పుడు రాలేదు. "సరే, ఎక్కుతాం" అంది. ఎత్తులంటే తనకి భయమని గుర్తొచ్చింది. ఆ భయం కోసం లోపల వెతికింది. అదీ దొరకలేదు.

ఒకే ఇంటివాళ్లు కాబట్టి పక్కపక్కన కూర్చోనిచ్చారు. చివరి వరసలో సవాకో కుడిపక్క, తోమియే ఎడమపక్క. వాళ్ల ముందు రెండు వరసలు ఖాళీగా వదిలారు. ఒడిమీదికి అడ్డకమ్మీ దిగింది. నెగిషి తనే వచ్చి రెండుసార్లు లాగి చూసి, గొళ్లెం తట్టి వెళ్లాడు.

పెట్టె కదిలింది. కింద గొలుసు టకటకమంటూ పైకి లాగుతోంది. పైకి పోయేకొద్దీ సముద్రం విప్పారింది. ఒక ఓడ నిలబడినట్టే ఉంది. తోమియే గొణుగుతోంది. "ఓరి దేవుడా, ఇంత ఎత్తా, ఇంకా ఎత్తా." సవాకో కళ్లు మూసుకుంది.

గొలుసు చప్పుడు ఆగిపోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పెట్టె కిందికి దూకింది. ఆమె మణికట్టుని తోమియే రెండు చేతులతో పట్టేసుకుంది. ముందున్న ఇరవైమందిలో ఒక్కరూ అరవలేదు. గాలి, చక్రాలు, ఇనుము. తిన్నని పట్టా మీద చక్రం సన్నగా ఈల వేసింది. మలుపులో ఆ ఈల మందమై గరగరలాడింది. అతుకు వచ్చినచోటల్లా టక్ మని ఒక దెబ్బ, ముందు పెట్టెలనుంచి వెనక్కి వరసగా వచ్చి తన వీపుకింద ముగుస్తోంది. ఒకటో మలుపు, రెండోది, మూడోది. మూడోదాంట్లో ఎడమపక్క ఏదైనా గొణుగుతుందేమోనని చెవి పెట్టింది. ఏమీ గొణగలేదు. బాగానే ఉంది. ఎవరో బాగుచేశారు.

పదహారేళ్లపాటు రోజూ ఇది విని, రైల్లో గంట ప్రయాణం చేసి ఇంటికొచ్చి, తన ఎదురుగా కూర్చుని అలాగే కళ్లు మూసుకున్నాడు. ఆ మాట ఆమె తనకు తాను స్పష్టంగా చెప్పుకుంది. అది బాధపడాల్సిన సంగతని కూడా తెలిసింది.

దిగాక తోమియే తూలింది. నెగిషి పట్టుకోబోయి, దూరం గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నాడు. సవాకోనే పట్టుకుంది. తోమియే మాస్కు పైభాగం తడిసి ముక్కుకి అతుక్కుపోయింది.

"రోజూ ఇదేనా వాడు చేసింది?"

"రోజూనమ్మా. వానొచ్చినా, మంచు పడినా."

"నేను రైల్వే అని చెప్పాను అందరికీ."

"తెలుసమ్మా. అన్నయ్య చెప్పాడు. మేమంతా ఆయన్ని స్టేషన్ మాస్టరు గారూ అని పిలిచేవాళ్లం."

తోమియే నవ్వింది. నవ్వుతూనే బెంచీ మీద కూలబడి, రుమాలు కళ్లకి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. నెగిషి తల తిప్పుకున్నాడు. సవాకో పక్కన నిలబడి ఆవిడ సంచి పట్టుకుంది.

మధ్యాహ్నం సముద్రం వైపున్న హోటల్లో కూర ఉదోన్ అనే లావుపాటి నూడుల్స్ పులుసు తెప్పించుకున్నారు. బల్ల మధ్యలో ప్లాస్టిక్ అద్దం నిలబెట్టారు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లమని చెప్పినా తీయలేదు. సవాకో గిన్నెలోంచి ఆవిరి లేచి అద్దానికి పట్టింది. ఆమెకి తోమియే ముఖం సగమే కనిపిస్తోంది. తన మణికట్టు మీద నాలుగు గోళ్ల గాట్లున్నాయి. నొక్కి చూసుకుంది.

"ఆ సొరుగులో కాగితం" అంది తోమియే ఉన్నట్టుండి. "ముద్ర పెట్టే పెట్టె కింద పెట్టావే, అది. పింఛను పత్రం మీద వెయ్యడానికి ముద్ర కోసం వెతుకుతుంటే కనిపించింది."

సవాకో తినే పుల్లలు కింద పెట్టింది. అత్తింటివారితో బంధుత్వం రద్దు చేసుకుంటున్నానని మునిసిపల్ ఆఫీసుకి రాసిచ్చే కాగితం అది. భర్త పోయినవాళ్లు ఎవరైనా ఇవ్వొచ్చు. అవతలివాళ్ల ఒప్పుదల అక్కర్లేదు, చెప్పనవసరం కూడా లేదు. మే నెలలో మరణ పత్రాల పనిమీద వెళ్లినప్పుడు కౌంటరు పక్కన ఆ కాగితాల కట్ట కనిపిస్తే ఒకటి తెచ్చుకుంది. పేరూ అడ్రసూ రాసింది. సంతకానికి బదులుగా కొట్టే ముద్ర మాత్రం వెయ్యలేదు.

"ఎప్పుడు చూశారు?"

"మొన్న పదో తారీఖున."

"మరి అడగలేదేం?"

"అడిగితే జవాబు చెబుతావు కదా. అందుకు."

సవాకోకి ఆవిడంటే కోపం లేదు. ప్రేమ ఉందో లేదో తెలియడం లేదు. "ఎందుకు తెచ్చానో నాకే తెలీదత్తయ్యా. మీ మీద కోపమొచ్చి కాదు. ఏదో ఒకటి కాగితం మీదైనా పూర్తవుతుందేమోనని. నాకు ఏమీ అనిపించడం లేదు. ఆయన పోయాడనీ అనిపించడం లేదు, ఉన్నాడనీ అనిపించడం లేదు."

"నాకు అన్నీ అనిపిస్తున్నాయి. నీ వాటా కూడా నాకే వచ్చినట్టుంది." తోమియే అద్దం మీద ఆవిరిని చేత్తో తుడవబోయింది. ఆవిరి అవతలివైపుంది. "ఇచ్చెయ్యి. వెళ్లేటట్టయితే సోమవారం మాత్రం వెళ్లకు, ఆఫీసు కిటకిటలాడుతుంది. నీకు నలభై రెండేళ్లు. ముసలిదాన్ని మోయాల్సిన పనేం లేదు నీకు. నేనేం అనుకోను. అనుకుంటాను, కానీ అనను."

"ఉదోన్ చల్లారిపోతోందత్తయ్యా."

"చల్లారితే చల్లారింది. ఉప్పెక్కువేశాడు."

అక్టోబరులో ఒక బుధవారం సవాకో కాగితం ఇచ్చేసింది. గుమాస్తా కుర్రది తారీఖు సరిచూసి ముద్ర కొట్టి, "అయిపోయిందండీ" అంది. మూడు నిమిషాలు పట్టలేదు. ఇంటికెళ్లి చెప్పింది. తోమియే ముల్లంగి తరుగుతూ, "జనం ఉన్నారా?" అని మాత్రం అడిగింది. లేరంది. ఆ రాత్రి ఇద్దరూ ఎప్పటిలాగే తిన్నారు. సవాకో చెల్లెలు ఫోన్‌లో, "ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నావేంటక్కా?" అని అడిగింది. సవాకో కారణం చెప్పలేకపోయింది. చలికాలమంతా అక్కడే ఉంది.

మార్చిలో మందుల షాపు వాళ్ల ఇంకో కొట్టుకి బదిలీ అయింది. దాని దగ్గరే చిన్న గది తీసుకుంది. సామాను ముందే లారీలో పంపేసింది. బయల్దేరేరోజు సాయంత్రం తోమియే టీవీలో సుమో పోటీలు చూస్తోంది. లేవలేదు.

"వెళ్తున్నానత్తయ్యా."

"తలుపు దగ్గరగా వెయ్యి. చలిగాలి కొడుతోంది."

సవాకో బస్టాపుకి నడిచింది. బస్సు రావడానికి ఇంకా టైముంది. ఫోన్ మోగింది.

"ప్లాస్టిక్ చెత్త ఏ రోజు పెట్టాలే?" అంది తోమియే.

"గురువారం."

"ఇవాళేం వారం?"

"మంగళవారం."

"అయితే ఇంకా టైముంది."

"ఉంది."

తోమియే ఫోన్ పెట్టెయ్యలేదు. టీవీలో ఎవడో ఎవడినో గీత బయటికి తోసేసినట్టున్నాడు, చప్పట్లు వినిపించాయి. సవాకో కూడా పెట్టెయ్యలేదు. మలుపులో బస్సు దీపాలు కనిపించాయి. బస్సు కార్డు తీయడానికి చెయ్యి ఖాళీ చేసుకోవాలి.

"బస్సొచ్చింది."

"ఎక్కు మరి" అంది తోమియే.