నిషేధం లేని రేకులు

రామచంద్రం కారుతున్న ఏసీ కింద బకెట్టు జరిపి, నడుం పట్టుకుని లేచాడు. మాదాపూర్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనానికి అతను మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. పేరుకే సూపర్‌వైజరు. బల్బు మాడినా, బాత్రూంలో నీళ్లు నిలిచినా అందరికీ గుర్తొచ్చేది అతనే. పొట్టిగా, బట్టతలతో, చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని తిరుగుతాడు. సొంతూరు కొత్తపేట నుంచి వచ్చి ఇన్నేళ్లయినా, పైవాళ్లు ఏం చెప్పినా "అలాగేనండి" అనడం తప్ప మరో జవాబు నేర్చుకోలేదు.

సకల జనుల సమ్మె నడుస్తోంది. పొద్దున బస్సులు లేక లింగంపల్లి నుంచి అతను ఆటోలు మారి వచ్చేసరికి, స్వీపరు మణెమ్మ అప్పటికే మెట్లు తుడుస్తోంది. ఆమెకు ఇవాళ ఆఖరి రోజు. కోస్గి దగ్గర పల్లెలో కూతురికి నెలలు నిండాయి. పురుడు పోసి ఇక అక్కడే ఉండిపోతుందట. సాయంత్రం తమ్ముడు ట్రాలీ ఆటో తెస్తాడట. కూతురి గది కురుస్తోందని, తన ఇంటి మీది రేకులు కూడా విప్పి తీసుకుపోతుందట. ఆ మాట విన్నప్పటినుంచి రామచంద్రం ఏ పనీ కుదురుగా చేయలేకపోతున్నాడు.

ఆ రేకులు ఇచ్చింది అతనే. ఎండాకాలంలో పాత క్యాంటీన్ పైకప్పు తీయించమని విదేశంలోని హెడ్డాఫీసు ఆజ్ఞ పంపింది. అవి ఆస్‌బెస్టాస్ రేకులు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగితే ఎన్నో ఏళ్లకు రోగమై బయటపడుతుందనీ, తమ దేశంలో వాటిని నిషేధించారనీ రాశారు. మాస్కులు తగిలించుకున్న మనుషులు వచ్చి, నీళ్లు చల్లుతూ ఒక్కో రేకూ దించారు. వాటిని పూడ్పించే పని రామచంద్రం నెత్తిన పడింది. మున్సిపాలిటీలో అడిగితే గుమాస్తా నవ్వేశాడు. ఆస్‌బెస్టాస్ గనులు తవ్వడం ఆపించారే గానీ, ఇళ్ల మీద వేసుకోవద్దని సర్కారు ఎక్కడా అనలేదన్నాడు. బస్తీలన్నీ వాటి కిందే బతుకుతున్నాయన్నాడు. సరిగ్గా అప్పుడే మణెమ్మ అడిగింది, ఇతను తీసుకుపొమ్మన్నాడు. నెత్తి మీది బరువు దిగింది. పైగా ధర్మాత్ముడని పేరొచ్చింది. ఆ రోజు నుంచీ మణెమ్మ తెచ్చే ఫ్లాస్కులో మొదటి టీ అతనికే.

ఇవాళ ఎలాగైనా చెప్పెయ్యాలి. విప్పితే రేకులు విరుగుతాయి, దుమ్ము లేస్తుంది, రేపు వాటి కింద పసిబిడ్డ పడుకుంటుంది. కానీ ఇది చెప్పాలంటే, ఇచ్చిననాడే తనకు తెలుసన్న సంగతీ చెప్పాలి. అక్కడే నోరు పెగలడం లేదు. పొద్దున లిఫ్టు దగ్గర ఎదురైతే బస్సుల గురించి మాట్లాడాడు. మధ్యాహ్నం ఆమె అన్నం తింటుంటే దగ్గరికి వెళ్లి, ఊళ్లో వానలెలా ఉన్నాయని అడిగి వచ్చేశాడు. సర్కారే వద్దననిది తానెందుకు అనాలి అని సర్దిచెప్పుకున్నాడు. మరి రేకులు దించిన రోజున తాను గేటు బయట ఎందుకు నిలబడ్డట్టు? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సాయంత్రం మణెమ్మ తమ్ముడు, ఇంటి దగ్గర విప్పిన రేకులు ఎక్కించుకుని ట్రాలీతో ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. పేర్చిన రేకుల మీద చాప కప్పి తాళ్లు బిగించారు. మణెమ్మ చెయ్యి తుడుచుకుంటూ అతని ముందుకొచ్చి నిలబడింది.

"మణెమ్మా, ఆ రేకులు..." అన్నాడు రామచంద్రం.

"గట్టిగనే కట్టినం సారూ, ఫికర్ చెయ్యకు. ఎండకాలంల ఎక్కిచ్చేటప్పుడు ఒక్కటే పలిగింది. గది గూడ పారెయ్యలే. దంచి, ఆ పొడితోని గిన్నెలు తోముతున్న. ఎండి లెక్క మెరుస్తున్నయి."

"ఆ పొడి మంచిది కాదేమో" అన్నాడు, నేల చూస్తూ.

మణెమ్మ నవ్వింది. "మంచిది గాకుంటె నువ్వెందుకిస్తవు సారూ?"

అతను నోరు తెరిచాడు. జాగ్రత్తగా వెళ్లిరమ్మని మాత్రం అన్నాడు. ట్రాలీ మలుపు తిరిగింది. ఆమెకు ఫోను కూడా లేదు.

ఆఫీసులో తన గదికి వచ్చేసరికి బల్ల మీద ఓ పొట్లం ఉంది. మణెమ్మ ఇంట్లో అమ్మగారికి ఇమ్మని పెట్టిపోయిందని వాచ్‌మన్ చెప్పి వెళ్లాడు. అదేమిటో చూడగానే తెలిసింది. రామచంద్రం ఊపిరి బిగబట్టి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. అక్కడ నిలబడ్డాక గానీ ఊపిరి బిగబట్టానని గమనించలేదు. ఛీ అనుకున్నాడు. తన ముఖం మీద తానే ఉమ్ముకోవాలనిపించింది.

బల్ల మీద, కడిగి ఆరబెట్టిన పాల కవరులో, ఒక్క నలుసు కూడా ఒలకకుండా మూతి గట్టిగా ముడివేసి, మెత్తటి బూడిదరంగు పొడి.