మంచాల కింద కుక్కర్లు

లచ్చన్నకు యాభై తొమ్మిదేళ్లు. అందులో ముప్పైకి పైగా ఒకే ప్రశ్నతో గడిచిపోయాయి. అంత పెద్ద రష్యాలో ఎర్రజెండా ఎట్లా దిగిపోయింది? జగిత్యాల దగ్గర సంఘంలో తిరిగే రోజుల్లో ఆ వార్త విని రెండు పూటలు అన్నం ముట్టలేదు మహానుభావుడు. ఎవరడిగినా జవాబు మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. "బయటోళ్ల కుట్ర. లోపట అంత మంచిగనే ఉండె."

మస్కట్ వచ్చాక, వాదీ కబీర్ పేటలోని ఈ ఇరుకు రూమ్‌లో తన రాజ్యం తాను నిలబెట్టుకున్నాడు. ఎనిమిది మంది, ఒకటే స్టవ్, ఒకటే గిన్నె, అందరికీ ఒకటే కూర. ఏది తేల్చాలన్నా చేతులెత్తాల్సిందే. పదమూడేళ్లుగా అన్ని చేతులూ లేస్తూనే ఉన్నాయి.

ఒక్కసారి మాత్రం రూమ్‌లోని రఘుపతి ఎత్తలేదు. రోజూ పప్పేనా, వారానికో పూట ఎవరిష్టమైంది వాళ్లు వండుకుందామన్నాడు పాపం. "నీకు షావుకారి బుద్ధి పుట్టిందిరా" అని లచ్చన్న అతనితో నెల రోజులు మాట్లాడలేదు, ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. చివరికి రఘుపతి పెట్టె సర్దుకుని దూరంగా సువైక్ ఊళ్లోని సైట్‌కు వెళ్లిపోయాడు, అతని మంచంలోకి కొత్తవాడొచ్చాడు. ఆ తర్వాత రూమ్‌లో ఎదురుమాట వినబడితే ఒట్టు. అందరూ ఒక్కమాట మీదున్నారని మురిసిపోయాడు పిచ్చి మారాజు.

ఈమధ్య గిన్నెలో అన్నం మిగిలిపోతోంది. "ఎండలకు ఆకలైతలేదే అన్నా" అన్నారు. నమ్మాడు.

శుక్రవారాలు కూడా డ్యూటీకి పోయే లచ్చన్నకు ఈ వారం మధ్యాహ్నానికే సెలవు దొరికింది. మిగతావాళ్లు పరుపులు ఎండకు మోసుకెళ్లారు. నల్లుల మందు కొడదామని అతను వంగి మంచాల కింద చూశాడు. ఏముంది? తువ్వాలలో చుట్టి ఒక చిన్న కరెంటు కుక్కర్. పక్క మంచం కిందా ఒకటి. ఆ పక్కనా! తన మంచం పోను ఏడు మంచాలు, ఏడు కుక్కర్లు. ఒకదాంట్లో పొద్దున వండిన చేపల పులుసు ఇంకా వెచ్చగానే ఉంది.

అన్నీ తెచ్చి నడిమిట్ల వరసగా పెట్టి కూలబడ్డాడు. కోపం రాలేదు.

పరుపులతో లోపలికొచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎన్ని దినాలసంది?" అన్నాడు లచ్చన్న.

"రఘుపతన్న పోయినకాడికెల్లి," అన్నాడు వాళ్లలో భూమేశ్ నేల చూస్తూ.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పినోని గతేమైందో చూస్తిమి గదనే!"

లచ్చన్న వరసగా ఉన్న కుక్కర్ల వైపు చూశాడు. బయటివాడెవడూ ఈ రూమ్ తలుపు తట్టలేదు. ఏ షావుకారూ రాలేదు. తనంటే భయపడినవాళ్లే తన మాటకు తలూపుతూ వచ్చారు. ఆ తలూపులు చూసి తను కడుపు నింపుకున్నాడు. ముప్పై ఏళ్లు తప్పు జవాబు చెప్పాడు.

"సరే," అన్నాడు. "ఎవ్వలమీదా కోపం లేదు. నిజం చెప్పుండ్రి. ఈ ఒక్క గిన్నె మెస్ ఉండాలె అన్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

కుక్కర్లు వాళ్ల కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఏడు చేతులూ ఒక్కసారే లేచాయి. భూమేశ్‌ది అందరికన్నా ముందు లేచింది.

లచ్చన్న ఒక్కొక్క మొహం చూశాడు. దించమని అతను చెప్పేదాకా ఒక్క చెయ్యీ దిగలేదు.